పిత్తవాహికకు కుట్టు: విడివిడిగానా, ఒకే దారంతోనా?

బెంగాల్-నాగపూర్ రైల్వే రోజుల నుంచి ఉత్తరాంధ్ర కుటుంబాలు వచ్చి స్థిరపడిన ఊరు బిలాస్‌పూర్. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వే జోన్‌కు కేంద్రం కూడా. పిత్తాశయంలో రాళ్లకు ల్యాపరోస్కోపీ చేయించుకోవడం అక్కడ ఇప్పుడు వింతేమీ కాదు. పైగా ఛత్తీస్‌గఢ్‌లో సికిల్ సెల్ వ్యాధి ఎక్కువ. ఎర్ర రక్తకణాలు త్వరగా చితికిపోయే ఈ జబ్బులో రాళ్లు చిన్న వయసులోనే ఏర్పడతాయి.

ఈ ఆపరేషన్లలో చాలావరకు సాఫీగా ముగుస్తాయి. వెయ్యికి మూడు నుంచి ఆరింటిలో మాత్రం కాలేయం నుంచి పేగుకు పైత్యరసం తీసుకెళ్లే పిత్తవాహిక దెబ్బతింటుంది. మామూలుగా దాని వెడల్పు 6 మిల్లీమీటర్లు, గోడ పలుచన. అది తెగితే చిన్నపేగును పైకి తెచ్చి దానికి కలపాలి. ఏ కుట్టు వేయాలన్న వాదన అక్కడే మొదలవుతుంది.

విడి కుట్ల పద్ధతిలో ప్రతి కుట్టుకూ వేరుగా ముడి వేస్తారు. ఒకటి ఊడినా మిగతావి పట్టి ఉంచుతాయి. కానీ ముడులు ఎక్కువ, సమయమూ ఎక్కువ. ఒకే దారంతో చుట్టూ కుట్టుకుంటూ పోతే పని త్వరగా తెములుతుంది, బిగువు అంతటా సమానంగా పంచుకుంటుంది. అయితే దారం కాస్త గట్టిగా లాగితే సంచి మూతి నాడా బిగించినట్టు ద్వారం ముడుచుకుపోతుంది. వాహిక వెడల్పుగా ఉంటే ఒకే దారం, సన్నగా ఉంటే విడి కుట్లు అన్నది చాలామంది సర్జన్ల అలవాటు. వెనక గోడకు ఒక పద్ధతి, ముందు గోడకు మరొకటి వాడేవారూ ఉన్నారు.

రెండింటినీ పోల్చిన అధ్యయనాల్లో పైత్యరసం కారడంలోగానీ, తర్వాత సన్నబడటంలోగానీ పెద్ద తేడా కనిపించలేదు. ఒకే దారంతో సమయం, ఖర్చు తగ్గాయి. ఇక్కడో చిక్కుంది. అతుకు ఏళ్ల తర్వాత కూడా సన్నబడవచ్చు. బదిలీల మీద తిరిగే రైల్వే ఉద్యోగిని పదేళ్లు వెంటపడి పరీక్షించడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు.

దారం విషయంలో మాత్రం తగవు లేదు. కరగని పట్టుదారం చుట్టూ మళ్లీ రాయి పేరుకునే ప్రమాదం ఉంది కాబట్టి, పాలీడయాక్సనోన్ వంటి కరిగే దారాలే వాడతారు. రాయి తీయడానికి తెరిచిన వాహికను మూసేటప్పుడు లోపల టీ-ట్యూబు పెట్టే పాత అలవాటూ తగ్గుతోంది. దానివల్ల ఆపరేషన్ సమయం, ఆసుపత్రిలో ఉండాల్సిన రోజులు పెరిగాయే తప్ప మేలు జరిగిన ఆధారం లేదని 2013 నాటి కోక్రేన్ సమీక్ష తేల్చింది.

అసలు కీలకం రక్తప్రసరణ. గడియారంలో 3, 9 అంకెలు ఉండే చోట్ల వాహిక వెంట సన్నని రక్తనాళాలు నడుస్తాయి. వాటిలో రక్తం ఎక్కువ భాగం కింది నుంచి పైకి వస్తుంది. అందుకే తెగిన వాహిక పై ముక్క రక్తం అందక ఎండుతుంది. ఎండిన అంచుకు ఎంత చక్కటి కుట్టు వేసినా అతకదు. కాలేయం దగ్గరగా వెళ్లి, ఆరోగ్యంగా ఉన్న ఎడమ వాహికను పొడవునా తెరిచి పేగుకు కలిపే పద్ధతిని ఫ్రాన్స్‌లో హెప్, కుయినో 1956లో వివరించారు. అదే నేటికీ ఆధారం.

ఈ పని ఎవరు చేస్తారన్నది కుట్టు రకం కంటే పెద్ద ప్రశ్న. అమెరికాలో స్టీవర్ట్, వే 1995లో ప్రచురించిన అధ్యయనంలో, గాయం జరిగిన ఆపరేషన్ చేసిన సర్జనే సరిచేయబోతే 17 శాతం కేసులే నిలిచాయి. పెద్ద కేంద్రాల్లోని నిపుణులు తొలిసారి సరిచేసినవి 94 శాతం నిలిచాయి. అనుభవం లేని చోట పైత్యరసం బయటికి పోయేలా డ్రెయిన్ పెట్టి, రోగిని రాయ్‌పూర్‌కో హైదరాబాద్‌కో పంపడమే సరైన వైద్యం. దాన్ని చేతకానితనంగా చూసే బంధువులకు ఈ అంకెలు చూపించాలి.

ఆపరేషన్ తర్వాత ఇంటికొచ్చిన మనిషికి జ్వరం, తగ్గని కడుపునొప్పి, కళ్లు పచ్చబడటం, ముదురు రంగు మూత్రం కనిపిస్తే తిండి పడలేదనో, గ్యాస్ అనో ఆగకూడదు. వెళ్లేటప్పుడు మొదటి ఆపరేషన్ నోట్సు, స్కానింగ్ రిపోర్టులు, డ్రెయిన్‌లో రోజుకు ఎంత వచ్చిందో రాసిన కాగితం వెంట ఉండాలి. రెండో సర్జన్ ముందు అడిగేది వాటినే.