సుహృద్భావ యాత్ర – పత్రికలు

ఒక దేశాధినేత ఇతర దేశాలతో మైత్రిని పెంపొందించడానికి చేసే పర్యటనను సుహృద్భావ యాత్ర అంటారు. పుష్పగుచ్ఛం, సైనిక వందనం, కరచాలనం, విందు – మరునాటి పత్రికలలో మనకు ప్రముఖంగా కనిపించేవి ఇవే. అసలు పని చాలవరకు విమానం బయలుదేరక ముందే ముగిసి ఉంటుంది.

తెలుగువాడైన ప్రధాని పి.వి. నరసింహారావు 1993 సెప్టెంబరులో చైనా, దక్షిణ కొరియా దేశాలలో జరిపిన పర్యటన ఇందుకు నిదర్శనం. ఆసియా తూర్పు దేశాలతో సాన్నిహిత్యం కోరిన ఆయన విధానంలో అది ఒక ఘట్టం.

ఇటువంటి యాత్రకు విదేశాంగ మంత్రిత్వ శాఖ, ఆ దేశంలోని మన రాయబార కార్యాలయం నెలల తరబడి సన్నాహాలు చేస్తాయి. ఎవరిని కలవాలి, ఏది ప్రస్తావించాలి, ఏది ప్రస్తావించరాదు అన్నవన్నీ ముందే నిర్ణయిస్తారు. ఒక పాఠభేదం కోసం పండితులు వాదించుకొన్నట్లే, సంయుక్త ప్రకటనలోని ఒక్క క్రియాపదం కోసం అధికారులు గంటల కొద్దీ చర్చిస్తారు. చైనా విషయంలో ఈ సన్నాహం ఏళ్ళ తరబడి సాగింది. 1988 డిసెంబరులో రాజీవ్ గాంధీ బీజింగ్ వెళ్ళినప్పుడు సరిహద్దు చర్చలకు సంయుక్త కార్యవర్గం ఏర్పాటుకు అంగీకారం కుదిరింది. ఆ చర్చల ఫలమే 1993 సెప్టెంబరు 7న కుదిరిన ఒప్పందం. అది సరిహద్దు తగాదాను తీర్చలేదు. అంతిమ పరిష్కారం లభించే వరకు వాస్తవాధీన రేఖను ఇరుపక్షాలూ గౌరవించాలనీ, బలప్రయోగం కూడదనీ మాత్రమే పేర్కొన్నది.

పత్రికలకు చిక్కు ఇక్కడే. "సమస్య తీరలేదు, కాని అదుపులో ఉంచాం" అనే మాట పతాక శీర్షికకు ఒదగదు. ఆ రోజులలో విలేకరుల బృందం ప్రధాని ప్రత్యేక విమానంలోనే వెళ్ళేది; తిరుగు ప్రయాణంలో ఆకాశంలోనే ప్రశ్నోత్తరాలు జరిగేవి. ఆ ప్రశ్నలు తరచుగా స్వదేశ రాజకీయాల మీదికే మళ్ళేవి. పైగా ప్రభుత్వ విమానమెక్కిన విలేకరి ప్రభుత్వ వాక్యాన్నే వార్తగా పంపే ప్రమాదమూ లేకపోలేదు. 2014 తరువాత ఆ సంప్రదాయం దాదాపుగా నిలిచిపోయింది.

నారాయణఖేడ్‌లో పత్రిక విప్పిన పాఠకునికి బీజింగ్ ఒప్పందం దూరపు సంగతిగా తోచవచ్చు. కాని 2020 జూన్ 15న ఆ రేఖ వద్ద, గల్వాన్ లోయలో, ఇరవైమంది భారత సైనికులు అమరులయ్యారు. వారికి నాయకత్వం వహించిన కల్నల్ సంతోష్ బాబు సూర్యాపేటవారు. ఆ ఘర్షణలో తుపాకులు పేలలేదు. రేఖకు రెండు కిలోమీటర్ల లోపల కాల్పులు జరపరాదన్న నియమం, 1993 నాటి అంగీకారాన్ని విస్తరిస్తూ 1996లో చేసుకొన్న మరొక ఒప్పందంలో ఉంది.