అతికించిన నవ్వు

నారాయణపేట వైపు పల్లెల్లో పీర్ల పండుగ వచ్చిందంటే పులివేషాలు దిగుతాయి. ఒంటినిండా పసుపు రంగు, దాని మీద నల్ల చారలు, వెనక తోక. డప్పు దెబ్బకు పులి ఒక్క గంతు వేస్తే చంకలోని పిల్ల అమ్మ కొంగులో మొహం దాచుకుంటుంది. కాసేపటికి అదే పులి అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతుంటే, ఆ పిల్లే మెల్లగా పోయి తోక పట్టుకుని గుంజుతుంది. పులి వచ్చిందే భయపెట్టడానికి. అందులో దాపరికం లేదు.

సర్కస్ జోకర్‌తో చిక్కు అక్కడే వస్తుంది. వచ్చింది నవ్వించడానికి, పుట్టిస్తున్నది భయం.

జోకర్లంటే కలిగే ఈ భయానికి కౌల్రోఫోబియా అని పేరు. బ్రిటన్‌లోని సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 64 దేశాలకు చెందిన 987 మందిని అడిగి 2023లో ఫలితాలు ప్రచురించారు. సగానికి పైగా జనం ఎంతో కొంత భయముందన్నారు. విపరీతమైన భయం ఉన్నవాళ్లు 5 శాతం. విచిత్రమేమిటంటే, ఎప్పుడో ఒక జోకర్ నిజంగా భయపెట్టాడన్నది అన్నిటికంటే బలహీనమైన కారణంగా తేలింది. రంగు చాటున మొహంలోని అసలు భావం కనబడకపోవడమే అన్నిటికంటే బలమైనది.

ఎదుటివాడి మనసును మనం కనుబొమల కదలికలో, పెదాల అంచులో పసిగడతాం. తెల్లరంగు పూసి, చెంపల దాకా ఎర్రటి నోరు గీస్తే ఆ దారి మూసుకుపోతుంది. లోపలి మనిషి ఏడుస్తున్నా, పళ్లు కొరుకుతున్నా పైన మాత్రం అదే నవ్వు. మీద నీళ్లు కుమ్మరిస్తాడో, పువ్వు చేతికిస్తాడో కూడా ముందు తెలియదు.

తెలుగువాళ్లకు రంగుల మొహాల హాస్యగాళ్లు కొత్త కాదు. తోలుబొమ్మలాటలో కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క ఉన్నారు. తెలంగాణ చిందు యక్షగానంలో బుడ్డర్‌ఖాన్ ఉన్నాడు. వీళ్లు ఊరిని హడలెత్తించిన దాఖలా లేదు. నోరు తెరిస్తే ఆగని మాట వీళ్లది. ఆ ఊరి యాసలోనే ఆ ఊరి పెద్దమనిషిని ఆటపట్టిస్తారు. మొహం చెప్పనిది మాట చెప్పేస్తుంది. పైగా చిందు ఆటకు ముందు మొహానికి అర్దళం రంగు పూసుకునే చోటికే పిల్లలు చేరతారు. ఎవరు ఎవరవుతున్నారో కళ్లారా చూసినవాళ్లకు ఇక జడుపెక్కడిది?

పాశ్చాత్య కథల్లో జోకర్ దారి వేరుగా సాగింది. 1892 నాటి ఇటలీ సంగీత నాటకం ‘పాల్యాచీ’లో విదూషకుడు వేదిక మీదే భార్యను పొడిచి చంపుతాడు. 1928లో వచ్చిన మూకీ చిత్రం ‘ద మ్యాన్ హూ లాఫ్స్’లో నటుడు కాన్రాడ్ వైట్ మొహాన శాశ్వతంగా నిలిచిన నవ్వు, 1940లో బ్యాట్‌మన్ శత్రువు జోకర్‌కు నమూనా అయింది. పిల్లల వేడుకల్లో పోగో అనే జోకర్ వేషం కట్టిన అమెరికన్ జాన్ వేన్ గేసీ 33 హత్యలు చేశాడని 1980లో కోర్టు తేల్చేసరికి ఆ కల్పనకు వాస్తవం తోడైంది. ఆరేళ్లకు స్టీఫెన్ కింగ్ నవల ‘ఇట్’తో పెన్నీవైజ్ పుట్టాడు.

తెలుగు తెర కూడా హంతక జోకర్‌ను చూసింది, కానీ అతన్ని ప్రేమించింది. సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో 1989లో వచ్చిన ‘విచిత్ర సోదరులు’లో కమల్‌హాసన్ పొట్టి అప్పుగా సర్కస్ విద్యలనే ఆయుధాలు చేసుకుని తండ్రిని చంపినవాళ్ల మీద పగ తీర్చుకుంటాడు. అతని ప్రేమ విఫలమైనప్పుడు కళ్లలో నీళ్లు చూసిన ప్రేక్షకుడు హత్యల దగ్గర కూడా అతని పక్షమే వహించాడు.

మొహంలో మనసు కనబడితే జడుపుండదన్న ఈ కిటుకు ఆసుపత్రుల్లో జబ్బు పిల్లలను నవ్వించే విదూషకులు ఎరిగినదే. చాలామంది మొహమంతా రంగు పూసుకోరు, ఎర్రటి ముక్కు ఒక్కటి తగిలించుకుంటారు. గదిలోకి దూసుకుపోరు కూడా. గుమ్మం దగ్గరే నిలబడి, రావచ్చా అని పిల్లను అడుగుతారు. వద్దంటే వెనక్కి తిరుగుతారు.