అఖీఖ్ లోయ: తుమ్మచెట్టు, భూగర్భజలం

నది అనగానే తెలుగువారికి కృష్ణా గోదావరులు స్ఫురిస్తాయి. మదీనా నగరానికి పడమటి దిశగా సాగే అఖీఖ్ లోయలో మాత్రం వరద వచ్చిన స్వల్పకాలం తప్ప నీరు కానరాదు. హైదరాబాదులో ఏటా సగటున సుమారు 800 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుండగా, ఇక్కడ కురిసేది 100 మిల్లీమీటర్ల లోపే. అయినప్పటికీ ఈ లోయ నిర్జీవం కాదు.

వరద నీరు ఇసుక, గులకరాళ్ల గుండా ఇంకి భూగర్భంలో నిలుస్తుంది. పరిసరాలలోని నల్లని లావా శిలలు క్రమంగా శిథిలమై మట్టికి కాల్షియం, మెగ్నీషియం, ఇనుము అందిస్తాయి. మదీనా చెంత 1256లో సైతం లావా ప్రవహించింది. అయితే ఈ శిలలలో నత్రజని దాదాపు ఉండదు. ఆ లోటును తుమ్మ జాతి వృక్షాలు పూరిస్తాయి. వాటి వేరు బుడిపెలలో నివసించే రైజోబియం బాక్టీరియా గాలిలోని నత్రజనిని అమోనియాగా మారుస్తుంది. రాలిన ఆకుల ద్వారా ఆ నత్రజని మట్టికి చేరి గడ్డిని పెంచుతుంది. గడ్డిని ఆశ్రయించి కీటకాలు, కుందేళ్లు, వాటిపై ఆధారపడి పక్షులు, నక్కలు జీవిస్తాయి.

7వ శతాబ్దంలోనే మహమ్మద్ ప్రవక్త ఈ లోయకు ఎగువన గల నఖీ ప్రాంతాన్ని సైనికాశ్వాల నిమిత్తం ‘హిమా’గా, అనగా రక్షిత పచ్చిక భూమిగా, కేటాయించారు. మదీనా చుట్టూ నిర్ణీత పరిధిలో చెట్లు నరకడం, జంతువులను వేటాడటం నిషేధించారు.

ఈ నిషేధంలోని ప్రయోజనాన్ని నేటి విజ్ఞానం విశదపరుస్తున్నది. వంటచెరకు కోసం తుమ్మను నరికితే మట్టికి నత్రజని అందదు, గడ్డి క్షీణిస్తుంది. పట్టు సడలిన మట్టిని తదుపరి వరద కోసివేస్తుంది. వేగంగా పారే నీటికి ఇంకే వ్యవధి ఉండదు. ఖర్జూరపు తోటల బావులకు ఆధారమైన భూగర్భజలం ఆ మేరకు తరిగిపోతుంది.