ల్యాప్‌టాప్ చార్జింగ్ త్వరగా అయిపోతోందా? బ్యాటరీ హెల్త్ ఇలా చెక్ చేసుకోండి..!

ల్యాప్‌టాప్‌లో చార్జింగ్ 100 శాతం చూపిస్తుంది.. గంట తిరక్కుండానే ఆఫ్ అయిపోతుంది. ఆన్‌లైన్ ఇంటర్వ్యూ మధ్యలో ఇలా జరిగితే? అసలు చిక్కేంటంటే, ఆ 100 శాతం బ్యాటరీకి ఇప్పుడు మిగిలిన కెపాసిటీలో లెక్క. కొత్తప్పుడు ఉన్న కెపాసిటీలో కాదు.

ఈ తేడా తెలుసుకోవడానికి విండోస్ యూజర్ల కోసం నిర్‌సాఫ్ట్ వెబ్‌సైట్ ‘బ్యాటరీ ఇన్ఫో వ్యూ’ అనే చిన్న టూల్‌ను ఉచితంగా ఇస్తోంది. ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. జిప్ ఫైల్ ఓపెన్ చేసి రన్ చేస్తే చాలు.

అందులో ముఖ్యంగా రెండు అంకెలు చూడాలి. ‘డిజైన్డ్ కెపాసిటీ’ అంటే తయారైనప్పటి సామర్థ్యం. ‘ఫుల్ చార్జ్‌డ్ కెపాసిటీ’ అంటే ఇప్పుడు ఫుల్‌గా చార్జ్ చేస్తే పట్టేది. మొదటిది 50,000 మిల్లీవాట్ అవర్స్, రెండోది 30,000 ఉంటే బ్యాటరీ హెల్త్ 60 శాతమే. అంటే అదే వాడకానికి ఒకప్పుడు 5 గంటలు వచ్చిన చార్జింగ్ ఇప్పుడు 3 గంటలే వస్తుందన్నమాట.

హెల్త్ బాగానే ఉన్నా చార్జింగ్ దిగిపోతోందా? అయితే తప్పు బ్యాటరీది కాకపోవచ్చు. స్క్రీన్ బ్రైట్‌నెస్ తగ్గించి, బ్యాక్‌గ్రౌండ్‌లో నడిచే ప్రోగ్రామ్‌లు ఆపి చూడండి. కొత్త బ్యాటరీ ఖర్చు తప్పుతుంది.

సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొంటున్నారా? డబ్బులు ఇచ్చే ముందే ఓసారి ఈ టూల్ రన్ చేసి చూసుకోండి.