బండి నుజ్జయితే.. ధర కట్టేదెవరు?

మేడ్చల్, శామీర్‌పేట రైతులకు ట్రాలీ ఆటో ఉంటేనే తెల్లారేసరికి టమాటా, ఆకుకూరలు బోయిన్‌పల్లి మార్కెట్‌కు చేరేది. రాజీవ్ రహదారి మీద ఏ లారీనో గుద్దిందంటే బండి పోయినట్టే. ఆ తర్వాత బీమా సర్వేయరు వచ్చి 'పాత బండి, బజారులో ఇంతే పలుకుతుంది' అంటాడు. చాలామంది తలూపి సంతకం పెట్టేస్తారు. తొందరపడొద్దు.

ముందు పాలసీ కాగితం తీయండి. అందులో 'ఐడీవీ' అని ఒక అంకె ఉంటుంది. బండికి కంపెనీ, మీరు ఒప్పుకున్న ధర అదే. 2002 మోటారు టారిఫ్‌లో పెట్టిన లెక్క ప్రకారం రెండేళ్లు దాటి మూడేళ్లలోపు బండికి 30 శాతం, నాలుగేళ్లు దాటి ఐదేళ్లలోపు బండికి 50 శాతం తరుగు తీస్తారు. ఐదేళ్లు దాటితే ఇద్దరూ మాట్లాడుకుని ధర కట్టాలి.

ఉదాహరణకు షోరూం ధర 4 లక్షలనుకుందాం. మూడో ఏట ఐడీవీ 2,80,000 రూపాయలు. మరమ్మతు ఖర్చు అందులో 75 శాతం, అంటే 2,10,000 దాటితే అది 'టోటల్ లాస్'. అప్పుడు మళ్లీ తరుగు తీయకుండా ఐడీవీ లెక్కనే ఇవ్వాలి. పాలసీలో రాసిన కోత మాత్రం పోతుంది. తుక్కు మీరే ఉంచుకుంటే దాని ధర కూడా తగ్గిస్తారు. ఆ ధర ఎలా కట్టారో అడగండి.

ప్రీమియం తీసుకునేటప్పుడు ఒక విలువకు ఒప్పుకుని, కొద్ది నెలలకే ప్రమాదం జరిగితే అది కాదనడం కుదరదని 2008లో ఒక కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సర్వేయరు రిపోర్టే ఆఖరి మాట కాదని 2009లో మరో కేసులో తేల్చింది.

రైతు సోదరులు చేయాల్సిందిది. సర్వేయరు రిపోర్టు నకలు రాతపూర్వకంగా అడగాలి. గ్యారేజీ అంచనా, బండి ఫొటోలు, పోలీసు కాగితాలు దాచుకోవాలి. డబ్బు అత్యవసరమైతే 'అభ్యంతరంతో తీసుకుంటున్నాను' అని రాసి తీసుకోవాలి. కంపెనీకి ఫిర్యాదు రాసి రశీదు ఉంచుకోవాలి. నెలలోగా జవాబు రాకున్నా, వచ్చిన జవాబు నచ్చకున్నా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఏడాదిలోగా రాయవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర లేదు. అది కాదనుకుంటే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. రెండేళ్లలోగా వెళ్లాలి.

ట్రాక్టరుకు బీమా ఉంటే ట్రాలీకీ ఉన్నట్టేనని అనుకోవద్దు. దాని విలువ పాలసీలో విడిగా రాయించుకోవాలి. రెన్యువల్ నాడు ప్రీమియం తగ్గుతుందని ఏజెంటు ఐడీవీ దించుతానంటే అసలే ఒప్పుకోవద్దు. ఆనాడు మిగిలేది వందల్లో, బండి పోయిననాడు పోయేది వేలల్లో.