ముసురు పట్టినా... బట్టలు ఆరాలంటే!

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి ముసురు పట్టిందంటే పటమట అపార్ట్‌మెంట్లలో హాలే దండెం అయిపోతుంది. కుర్చీల మీద పిల్లల యూనిఫారాలు, తలుపుల మీద తువ్వాళ్లు. మూడో రోజుకీ జీన్సు నడుము దగ్గర చెమ్మే! గాలి నిండా తేమే ఉంటే ఫ్యాను మాత్రం ఏం చేస్తుంది?

అందుకే కొన్ని ఇళ్లలో వాషింగ్ మెషిన్ పక్కన హీట్ పంప్ డ్రయ్యర్ చేరుతోంది. ధర అరలక్ష పైమాటే. అంత పోసి కొన్నది ఆర్నెల్లు తిరక్కుండానే 'సరిగా ఆరబెట్టడం లేద'నిపిస్తే? చాలాసార్లు తప్పు మెషిన్‌ది కాదు, నూగుది.

పేరు కొత్తదైనా లోపల జరిగేది ఫ్రిజ్ పనే. డ్రమ్ములోంచి వచ్చిన తడిగాలి చల్లని తీగచుట్ట మీదుగా వెళ్తుంది. తేమ నీరై కిందికి దిగుతుంది. అక్కడ లాగిన వేడినే కంప్రెసర్ మరో చుట్టకు చేరవేస్తే, అదే గాలి వేడెక్కి మళ్లీ బట్టల్లోకి వస్తుంది. ఎనిమిది కిలోల బట్టలు పిండాక కూడా వాటిలో దాదాపు ఐదు లీటర్ల నీరుంటుంది. దాన్ని ఆవిరి చేయాలంటే మూడు యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి కావాలి. ఈ మెషిన్ వేడిని తిప్పి వాడుకుంటుంది కాబట్టి సుమారు రెండు యూనిట్లతో సరిపెడుతుంది. అంటే యూనిట్ పది రూపాయలు పడే ఇంట్లోనూ విడతకు ఇరవై రూపాయలే. ఐరోపా సమాఖ్యలో 2025 జులై నుంచి కొత్త డ్రయ్యర్లంటే దాదాపుగా ఇవే. అయితే పూర్తి లోడుకు మూడు గంటలైనా పట్టొచ్చు. బడి బస్సొచ్చే ముందు యూనిఫాం వేసి లాభం లేదు!

ఇక నూగు సంగతి. ప్రతి విడత తర్వాతా ఫిల్టరు తీసి దులపాలి, అప్పుడప్పుడూ కడిగి పూర్తిగా ఆరాకే పెట్టాలి. ఇది మానేస్తే నూగు వెళ్లి తడిగా ఉన్న తీగచుట్టకు పేస్టులా అంటుకుంటుంది. గాలి ఆడదు, సమయం పెరుగుతుంది, బిల్లూ పెరుగుతుంది. 'తనంతట తానే శుభ్రం చేసుకుంటుంది' అని రాసి ఉన్న మోడళ్లలోనూ ఫిల్టరు మన పనే. డ్రమ్ములోని తేమ సెన్సరు పట్టీల మీద ఉప్పునీటి పొర పేరుకుంటే, బట్టలు తడిగా ఉండగానే మెషిన్ ఆగిపోతుంది. మెత్తని గుడ్డతో తుడిస్తే చాలు.

తొమ్మిది కిలోలన్నారని గొంతుదాకా కుక్కితే లోపలివి ఆరవు. డబుల్ కాట్ దుప్పటి ఒక్కటి చాలు, మిగతావన్నీ దాన్లో మూటకట్టుకుపోవడానికి! దుప్పట్లు విడిగా వేయాలి. ఉతికేటప్పుడే స్పిన్ వేగం 800 నుంచి 1400కు పెంచితే డ్రయ్యర్‌కు లీటరుకు పైగా నీటి భారం తగ్గుతుంది. వంటింటి నూనె మరకలు పూర్తిగా పోని గుడ్డలు మాత్రం వేయకూడదు, వేడికి అంటుకునే ప్రమాదం ఉంది. ట్యాంకులో చేరిన నీళ్లు ఇన్వర్టర్ బ్యాటరీకి పనికొస్తాయనుకుంటారు కొందరు. నూగు కలిసిన నీళ్లవి, బాల్కనీ కడగడానికి సరి.

కిటికీలన్నీ మూసిన వెనక బాల్కనీలో పెడితే దాని వేడికి అదే ఉడుకుతుంది. చాలా మోడళ్లకు 35 డిగ్రీలు దాటితే ఇబ్బందే. బెజవాడ మే నెలలో ఆ లెక్క ఎక్కడ కుదురుతుంది? అప్పుడు మేడమీద దండెం గంటలో పని ముగిస్తుంది, పైసా ఖర్చు లేకుండా. ఆ రెండు నెలలూ మెషిన్‌ ట్యాంకు ఖాళీ చేసి, ఫిల్టరు కడిగి ఆరబెట్టి, తలుపు ఓరగా తెరిచి ఉంచాలి.