మెదడు పనిని పట్టిచ్చే రక్తం

అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో సెయిజి ఒగావా అనే జపాన్ శాస్త్రవేత్త ఎలుకల మెదడుకు శక్తిమంతమైన అయస్కాంతంతో ఎంఆర్‌ఐ తీస్తుంటే, చిత్రాల్లో సన్నని నల్లటి గీతలు కనిపించాయి. అవే ఎలుకలకు మామూలు గాలికి బదులు స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తే గీతలు మాయమయ్యాయి. ఆ గీతలు రక్తనాళాలవి. 1990లో ఒగావా బృందం ఈ సంగతి ప్రకటించింది. పనిచేస్తున్న మెదడును సూది గుచ్చకుండా చూసే దారి దాంతో దొరికింది.

కీలకమంతా హిమోగ్లోబిన్‌లోని ఇనుములో ఉంది. ఆక్సిజన్‌ను పట్టుకుని ఉన్నంతసేపూ హిమోగ్లోబిన్‌ను అయస్కాంతం ఆకర్షించదు. ఆక్సిజన్‌ను వదిలేశాక ఆకర్షిస్తుంది. లైనస్ పౌలింగ్, చార్లెస్ కోరియెల్ ఈ విషయాన్ని 1936లోనే చెప్పారు. ఆక్సిజన్ వదిలేసిన రక్తం చుట్టుపక్కల అయస్కాంత క్షేత్రాన్ని చెదరగొడుతుంది కాబట్టి స్కానర్‌కు అక్కడి సంకేతం తగ్గి, చిత్రం నల్లబడుతుంది.

మరి వేళ్లు కదిపినప్పుడు, ఆ పని చూసే మెదడు భాగం ఆక్సిజన్‌ను ఎక్కువగా వాడుకుంటుంది కదా, అది నల్లగా కనిపించాలి కదా? జరిగేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. బోదె నీళ్లు చాలే మడికి కాలువే తెరిచినట్టు, అక్కడికి అవసరానికి మించి తాజా రక్తం వచ్చిపడుతుంది. ఆక్సిజన్ లేని హిమోగ్లోబిన్ పలచబడి, ఆ చోటు కాస్త ప్రకాశిస్తుంది. ఈ పద్ధతిలో అన్నిటికన్నా అందమైన విషయం ఇదే. ఆ తేడా కొద్ది శాతమే. అది పతాకస్థాయికి చేరడానికీ అయిదారు సెకన్లు పడుతుంది. అందుకే వేళ్లు కదపమని, ఆపమని పదేపదే చెప్పి, వచ్చిన లెక్కలన్నీ పోల్చి చూస్తారు. పత్రికల్లో మనం చూసే ఎర్రటి మచ్చలు ఆ లెక్కల తర్వాత కంప్యూటర్ అద్దిన రంగులు. మెదడులో ఎక్కడా అలాంటి వెలుగు ఉండదు. ఆలోచనల ఫొటో అని వాటిని పిలవడం తప్పు.

పైగా ఈ పద్ధతి మార్పునే చూపిస్తుంది కానీ, రక్తం ఇంత అని కొలిచి చెప్పదు. దానికి మరో ఉపాయం ఉంది. మెడ దగ్గర ప్రవహించే రక్తంలోని నీటికి రేడియో తరంగాలతో అయస్కాంత గుర్తు పెట్టి, ఒకటి రెండు సెకన్లలో అది మెదడుకు చేరాక చిత్రం తీస్తారు. గుర్తు పెట్టని చిత్రంతో పోలిస్తే ఎంత రక్తం అందిందో తేలుతుంది. ఆరోగ్యవంతులైన పెద్దల్లో 100 గ్రాముల మెదడుకు నిమిషానికి సుమారు 50 మిల్లీలీటర్లు అందుతుంది. పక్షవాతం వచ్చినవారిలో ఏ భాగానికి రక్తం కరవైందో ఇలా తెలుసుకోవచ్చు.

స్పృహ లేదనుకున్న మనుషుల గురించి కూడా రక్తం మాట్లాడింది. 2006లో ఏడ్రియన్ ఓవెన్ బృందం, ప్రమాదం తర్వాత ఏ స్పందనా లేకుండా పడి ఉన్న ఒక యువతిని టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకోమంది. ఆరోగ్యవంతుల స్కాన్‌లో మెరిసిన చోటే ఆమె స్కాన్‌లోనూ మెరిసింది. 2010లో ప్రచురించిన మరో అధ్యయనంలో, అవునంటే టెన్నిస్, కాదంటే ఇంట్లో తిరగడం ఊహించుకోమన్నారు. మంచం మీద కదలికలేని ఒక రోగి తన తండ్రి పేరు గురించి అడిగిన ప్రశ్నకు ఆ విధంగానే సరైన జవాబిచ్చాడు.